నీళ్లకుండ యొద్ద చోటు

(రేడియో ప్రసంగ పాఠము)
వాక్యభాగము: రూతు 2:4–18



ప్రియులారా, ఈ ప్రసంగము వింటున్న మీలో కొందరు ఈ మధ్యనే క్రొత్తగా ఉద్యోగములో చేరియుండవచ్చును. మరికొందరి ఇండ్లలో కుమారుడో కుమార్తెయో మొదటిసారి క్యారియరు పట్టుకొని పనికి బయలుదేరి యుండవచ్చును. వారిని గూర్చియు, వారి ప్రక్కన కూర్చొని పనిచేస్తున్న పాతవారిని గూర్చియు ఈ దినము కొంతసేపు ధ్యానము చేద్దాము.

మన డోన్ రైల్వే జంక్షనును గూర్చి మీకు తెలుసు. దీనిని ద్రోణాచలమని పిలిచే పెద్దలు ఇంకను ఉన్నారు. గుంతకల్లు దారి, కర్నూలు దారి, నంద్యాల దారి ఇక్కడ కలుస్తాయి. ఉదయము పూట స్టేషను దగ్గరో బస్టాండు దగ్గరో నిలబడితే, భుజాన సంచి, చేతిలో క్యారియరు పట్టుకున్నవారు ఎంతమందో కనిపిస్తారు. ప్యాపిలికి పోయే పంతులమ్మలు, వెల్దుర్తికి పోయే సచివాలయ ఉద్యోగులు, బేతంచెర్లలో బండల పాలిషు పనికి పోయేవారు, బ్యాంకులలో, సిమెంటు ఫ్యాక్టరీలలో పనిచేసేవారు. వారిలో క్రొత్తగా చేరినవారిని గుర్తుపట్టడము కష్టము కాదు. వారు అందరికంటె ముందే వచ్చి ఒంటరిగా నిలబడియుంటారు.

2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ, వార్డు సచివాలయములు ప్రారంభమైనప్పుడు మన రాష్ట్రములో లక్షకు పైగా యువతీయువకులు ఒక్కసారిగా క్రొత్త ఉద్యోగులయ్యారు. 2025లో మెగా డీఎస్సీ ద్వారా 16,347 ఉపాధ్యాయ పోస్టులకు ప్రకటన వెలువడినది. ఎంపికైనవారికి ఆ సంవత్సరము సెప్టెంబరులో నియామక పత్రములు ఇచ్చారు. వీరికొరకు సంఘములు ఎంతగా ప్రార్థించాయో దేవునికి తెలుసు. హాల్ టికెట్లు బల్లమీద పెట్టి ప్రార్థన చేయించుకున్నారు. ఉద్యోగము వచ్చిన ఆదివారము కృతజ్ఞతార్పణ చెల్లించారు. అయితే చేరిన తరువాత మొదటి నెల వారెట్లున్నారో మనలో ఎంతమందిమి అడిగాము?

ఆర్డరు కాగితము కుర్చీని ఇస్తుంది. ప్రక్కనున్నవారి మధ్య చోటు మాత్రము ఆ కాగితము ఇవ్వలేదు. ఆ చోటు నీళ్లకుండ దగ్గర, టీ బంకు దగ్గర, మధ్యాహ్నము క్యారియర్లు విప్పే దగ్గర దొరుకుతుంది. లేదా దొరకకుండా పోతుంది.

రూతు గ్రంథము రెండవ అధ్యాయమును మనము సాధారణముగా వివాహ ప్రసంగములలో చెప్పుకుంటాము. ఈ దినము దానిని ఒక స్త్రీ క్రొత్తగా పనికి వెళ్లిన మొదటి దినపు వృత్తాంతముగా చదవండి. ఆమె పరదేశి. భర్త చనిపోయినవాడు. ఇంట్లో ముసలి అత్త ఉన్నది. యవలకోత కాలము. ఎవరి చేనో తెలియదు, అక్కడ ఎవరూ తెలియదు, పరిగె ఏరుకొనుటకు వెళ్లినది. కోతవారిపైన ఉన్న మేస్త్రీని బోయజు ఈ చిన్నది ఎవరని అడిగినప్పుడు, ఆ మేస్త్రీ ఆమె పేరు చెప్పలేదు. నయోమితో కూడ వచ్చిన మోయాబు పిల్ల అన్నాడు. క్రొత్తవారికి మొదట పెట్టబడే పేరు అదే కదా! ఫలానా ఊరివాడు, ఫలానా పేటవాడు. మన ప్రాంతములో క్యారియరు మూత తీయకముందే ఇంటిపేరు అడుగుతారు. ఎందుకు అడుగుతారో అడిగేవానికి తెలుసు, చెప్పేవానికీ తెలుసు.

బోయజు ఆమెకు ఆ దినము మూడు సంగతులు చేశాడు. ఒక్కొక్కటి చూద్దాము.

మొదటిది, నీళ్లు. దాహమైనప్పుడు కుండల యొద్దకు పోయి, మా పనివారు చేదిపెట్టిన నీళ్లు త్రాగుమని తొమ్మిదవ వచనములో ఆమెకు చెప్పాడు. కరువు సీమలో పుట్టినవారికి ఈ మాట యొక్క బరువు ఎవరూ వివరించనక్కరలేదు. ఎండలో ఒకరు మోసుకొచ్చిన నీళ్లు అవి. మోసినవారికే అవి సరిపోవునో లేదో. పైగా ఒకే కుండ నీళ్లు త్రాగనిచ్చుట అంటే నీవు మాలో ఒకతెవు అని అందరి ఎదుట చెప్పుట.

ఇది పాతకాలపు సంగతి అనుకోవద్దు. 1917లో బరోడా సంస్థానములో ఒక యువకుడు క్రొత్తగా ఉద్యోగములో చేరాడు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయములోను, తరువాత లండనులోను చదివి వచ్చినవాడు. ఆయనే డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్. ఆఫీసులో బంట్రోతులు కాగితములు ఆయన చేతికివ్వక దూరమునుండి బల్లమీదికి విసిరేవారని, త్రాగుటకు నీళ్లు దొరకలేదని ఆయన జీవిత చరిత్ర వ్రాసినవారు చెప్పారు. ఉండుటకు ఇల్లు దొరకక పార్శీల సత్రములో దిగితే, కులము తెలిసిన తరువాత కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టారు. కొద్ది కాలములోనే ఆ ఉద్యోగము విడిచి బొంబాయికి తిరిగి వెళ్లాడు. ఆయనకు చదువు చాలక కాదు, పని చేతకాక కాదు. నీళ్లకుండ యొద్ద ఆయనకు చోటు లేకపోయినది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో మోయాబీయులు దేవుని సమాజములో చేరకూడదని ఉన్నది. కారణము ఏమిటి? ఇశ్రాయేలీయులు ఐగుప్తులోనుండి ప్రయాణమై వచ్చినప్పుడు మోయాబీయులు వారికి ఆహారముతో నీళ్లతో ఎదురు రాలేదు. మోయాబు మీద ఉన్న నేరారోపణలలో మొదటిది అదే, దారిన వచ్చిన క్రొత్తవారికి అన్నము నీళ్లు ఇవ్వకపోవుట. ఇప్పుడు ఆ మోయాబు స్త్రీయే బేత్లెహేము చేనిలో క్రొత్తదై నిలబడియున్నది. మీ పెద్దలు మాకేమి ఇచ్చారని బోయజు అడిగియుండవచ్చును. ధర్మశాస్త్ర వచనము చూపించియుండవచ్చును. అట్లు చేయక, వారు ఇవ్వని నీళ్లు, వారు పెట్టని రొట్టె, ఆ రెండే ఆమెకు ఇచ్చాడు. దేవుని కృప ఒక మనిషి చేతిలోనుండి వచ్చేటప్పుడు ఇట్లుంటుంది.

నేను చేరినప్పుడు నన్నెవరు పలకరించారని కొందరు పాత ఉద్యోగులు అంటారు. నన్ను మూడు నెలలు ఏడిపించారు, వీడూ నేర్చుకోనీ అంటారు. సహోదరుడా, బోయజు వలె ఆ లెక్క నీతోనే ఆగిపోనివ్వు.

రెండవది, భోజనము. పదునాలుగవ వచనము ప్రకారము, భోజన కాలమున బోయజు ఆమెను దగ్గరకు పిలిచి, రొట్టె తిని ముక్కను చిరకలో ముంచుకొమ్మన్నాడు. ఆమె కోతవారి ప్రక్కన కూర్చున్నది. తానే పేలాలు అందించాడు. పేలాలంటే మన బొరుగుల వంటివే, గొప్ప విందు కాదు. కర్నూలు సీమలో ఉగ్గాని, బజ్జి ఒకే కాగితములో పెట్టుకొని ఇద్దరు తినినట్లు ఊహించుకోండి. యజమాని చేతితో అందించిన ఆ గుప్పెడు పేలాలు చూచిన తరువాత, ఆ మధ్యాహ్నము ఆమెను తక్కువగా చూచుటకు ఏ కోతవానికి ధైర్యము ఉండును?

భోజనము దగ్గర అన్నమే కాదు, పని కూడ నేర్చుకొంటాము. ఏ రిజిస్టరు ఎవరి దగ్గర ఉంటుంది, పెద్దసారు ఏ పూట శాంతముగా ఉంటాడు, సెలవు చీటీ ఎవరికి ఇవ్వాలి, పి.ఎఫ్. కాగితములో నామినీ పేరు ఎట్లు వ్రాయాలి, సాయంత్రము ఏ బండి తప్పిపోతే తిరిగి బండి లేదు, ఇవేవీ ఆర్డరు కాగితములో ఉండవు. సంగటి ముద్ద విరుచుకుంటూ, ఊరిబిండి ప్రక్కవానికి వేస్తూ చెప్పుకొనే మాటలలో ఉంటాయి. ఆ గుంపులో లేనివానికి ఆ మాటలు అందవు. అందక తప్పు చేస్తాడు. తప్పు చేసిన తరువాత వీనికి పని రాదు అంటారు. ఈ దినములలో ఆఫీసు వాట్సాప్ గ్రూపులో క్రొత్తవాని నంబరు చేర్చుట మరచి, మీటింగుకు రాలేదని వానినే తిట్టేవారు ఉన్నారు.

స్త్రీల సంగతి మరి కష్టము. మగవారు టీ బంకుకు పోయి పది నిముషములు నిలబడి ఆఫీసు సంగతులన్నీ మాట్లాడుకొని వస్తారు. క్రొత్తగా చేరిన ఆడపిల్ల మన చిన్న ఊళ్లలో ఆ బంకు దగ్గర నిలబడగలదా? నిలబడదు. అందుచేత ఆమెకు ఏదీ తెలియదు. మగవారు ఆ టీని లోపలికే తెప్పించుకొని అందరితో కలిసి త్రాగితే ఖర్చు ఏమియు పెరగదు.

మూడవది, కాపుదల. ఆమెను ముట్టవద్దని పనివారికి ఆజ్ఞాపించియున్నానని బోయజు చెప్పాడు. పదిహేను, పదహారు వచనములలో, ఆమెను అవమానపరచవద్దనియు, గద్దించవద్దనియు, ఆమె కొరకు కొన్ని పిడికెళ్లు కావలెనని పడవేయుమనియు చెప్పాడు. కోత పొలములో పరాచికములు ఉండును. నవ్వులు ఉండవలసినదే. కాని క్రొత్తవారిని ఏడిపించి నవ్వుకొనుట వేరు. మన దేశములో 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకములు ఇచ్చినది. 2013లో పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధానికి చట్టమే వచ్చినది. 10 మంది లేక అంతకంటె ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటను అంతర్గత కమిటీ ఉండవలెను. అంతకంటె తక్కువమంది ఉంటే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చును. జరిగిన 3 నెలల లోపల వ్రాసి ఇవ్వవలెను. తల్లులారా, మీ కుమార్తెలకు ఈ సంగతి తెలియజేయండి. బోయజు ఏ చట్టము కొరకును కనిపెట్టలేదు. ఆమె అడుగక మునుపే తన మనుష్యులకు చెప్పాడు. మీలో సూపర్వైజర్లు, హెడ్మాస్టర్లు, మేస్త్రీలు ఉంటే ఈ మాట మీకే.

ప్రియ శ్రోతలారా, ఇప్పుడు నా తప్పు ఒకటి మీ ఎదుట ఒప్పుకొనవలసియున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక కుమారునికి వేరే పట్టణములో ఒక ప్రైవేటు ఆఫీసులో ఉద్యోగము వచ్చినది. తండ్రి బండల పనిచేసి చదివించాడు. ఒక ఆదివారము ఆరాధన అయిన తరువాత ఆ పిల్లవాడు నా దగ్గరకు వచ్చాడు. "అయ్యగారూ, మొదటి జీతానికి పార్టీ ఇయ్యల్ల అంటున్నారు. అందులో మందు ఉంటుంది. ఏం చేయమంటారు?" అని అడిగాడు. నేను మరొక ఊరికి కూటమునకు బయలుదేరే తొందరలో ఉన్నాను. "వాళ్లతో మనకేమి పొత్తు నాయనా, దూరముగా ఉండు" అని చెప్పి, తలమీద చెయ్యి వేసి ప్రార్థన చేసి పంపించాను. మంచి సలహా ఇచ్చానని అనుకున్నాను.

నాలుగవ నెలలో వాడు పెట్టె సర్దుకొని ఇంటికి వచ్చేశాడు. తల్లి ఏడుస్తూ వచ్చి, "పిల్లోడు ఎవరితోనూ మాట్లాడడం లేదు అయ్యగారూ" అన్నది. నేను వెళ్లాను. చాలసేపు ఏమియు మాట్లాడలేదు. తరువాత ఇట్లన్నాడు: "మీరు చెప్పినట్టే దూరంగా ఉన్నాను అయ్యగారూ. మందు ముట్టలేదు. టీకి కూడా పోలేదు. నా బల్ల దగ్గరే ఒక్కణ్ణే తిన్నాను. కొన్నాళ్లకు వాళ్లు నన్ను పిలవడం మానేశారు. లెక్కలో తప్పు వస్తే ఎవరిని అడగాలో తెలియలేదు. తాగొద్దని చెప్పారు, సరే. వాళ్లతో కూర్చొని అన్నం తినమని ఎందుకు చెప్పలేదు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. సెమినరీలో చదివిన చదువు ఆ దినము నాకు సహాయము చేయలేదు. ఇంటికి వచ్చి దానియేలు మొదటి అధ్యాయము మరల తెరచి చదివాను. దానియేలు ఏమి తినలేదో, ఏమి త్రాగలేదో అనేకసార్లు ప్రసంగించాను. కాని ఆయన ఏమేమి చేశాడో సరిగా చూడలేదు. బబులోను వారి భాష నేర్చుకున్నాడు. వారి విద్య నేర్చుకున్నాడు. వారు పెట్టిన పేరుకు పలికాడు. అక్కడి అధికారితో మర్యాదగా మాట్లాడాడు. పది దినములు పరీక్షించి చూడుమని అడిగాడు. ఆ అధికారికి ప్రాణభయము ఉన్నదని అర్థము చేసుకొని, అతనికి ఇబ్బంది రాని మార్గము చూపించాడు. రాజు భోజనమును, ద్రాక్షారసమును మాత్రము వద్దన్నాడు. మనుష్యులను వద్దనలేదు. పైగా ఒంటరిగా లేడు, నలుగురు కలిసి ఉన్నారు. నేను ఆ పిల్లవానికి దానియేలు వద్దన్న దానిని చెప్పి, దానియేలు చేసిన దానిని దాచిపెట్టాను.

లూకా సువార్త ఐదవ అధ్యాయములో సుంకరియైన లేవీ తన ఇంట విందు చేశాడు. ఎవరు వచ్చారు? తనతో పనిచేసే సుంకరులే. నేటి మాటలో అది ఆఫీసు పార్టీ. ప్రభువు ఆ పంక్తిలో కూర్చున్నాడు. అది చూచి సణిగినవారు భక్తిపరులమని పేరు పొందినవారే.

కాబట్టి క్రొత్తగా చేరిన యౌవనులారా, నేను ఆ దినము చెప్పవలసిన మాట ఈ దినము మీకు చెబుతున్నాను. మధ్యాహ్నము ఒంటరిగా తినవద్దు. పిలిస్తే వెళ్లండి, పిలువకపోతే మీరే క్యారియరు తీసుకొని వెళ్లి, కూర్చోవచ్చునా అని అడగండి. మందు గ్లాసు చేతికి ఇస్తే, ప్రసంగము చేయక, ముఖము చిట్లించక, నేను త్రాగనన్నా అని ఒక్కమాట నవ్వుతూ చెప్పండి. ఒకటి రెండుసార్లు ఎగతాళి చేస్తారు. తరువాత మానుకొంటారు. ఒకవేళ మానుకొనకపోయినను, త్రాగనందువలన మీరు నష్టపోయినది ఏమియు లేదు. మొదటి జీతమునకు విందు అడిగితే మీరే పెట్టండి. పెట్టేవాడే ఏమి వడ్డించాలో నిర్ణయిస్తాడు. ఆఫీసు మెట్ల దగ్గరకే ఉగ్గాని, బజ్జి, మిఠాయి తెప్పించండి. ఊడ్చే అవ్వను, వాచ్‌మన్‌ను కూడ పిలవండి. పది మందికి సంతోషము, మీకు అప్పు ఉండదు. ఒకరి మీద మరొకరు చెడు చెప్పుకొనే మాటలు వచ్చినప్పుడు మీ నోరు కాచుకొనండి. మొదటి నెలలో విన్నది మోసుకొని పోయినవానిని ఎవరూ నమ్మరు.

పాతవారైన సహోదరీ సహోదరులారా, మీకు ఇంకను ఎక్కువ చెప్పవలసియున్నది, ఎందుకనగా కుండ మీ దగ్గర ఉన్నది. క్రొత్తవాడు చేరిన మొదటి దినము వాని పేరు అడగండి, ఇంటిపేరు తరువాత సంగతి. వానికి నీళ్లు ఎక్కడున్నవో చూపించండి. నీళ్లు ఎక్కడ దొరుకునో అడుగుటకు సిగ్గుపడి సాయంత్రము వరకు దాహముతో ఉన్నవారు ఉన్నారు. భోజనమునకు పిలవండి. వాడు తెచ్చినది రుచి చూడండి, కేవలము మీది పెట్టుట కాదు. ఎవరైనను త్రాగనని చెబితే, అతనిని వదిలిపెట్టమని ఒక్కమాట మీరు చెప్పండి. ఆ ఒక్కమాటతో ఒక యింటి దీపము ఆరిపోకుండ ఉండవచ్చును. తొలి జీతపు సాయంకాలము సరదాకు మొదలై, తరువాత తల్లి తాళిబొట్టు తాకట్టు వరకు పోయిన వాటిని పాస్టర్లమైన మేము ఇండ్లలో కూర్చొని చూస్తున్నాము.

సంఘములోను ఇదే ప్రశ్న ఉన్నది. బదిలీ మీద వచ్చిన ఒక కుటుంబము మన ఆరాధనకు వచ్చి, వెనుక వరుసలో కూర్చొని, ఎవరును పలకరించక వెళ్లిపోయిన ఆదివారములు లేవా? ఒకే రొట్టె, ఒకే పాత్ర అని ప్రకటించే మనము, బయట చెట్టు క్రింద ప్రేమవిందులో ఎవరి గుంపు వారు కూర్చోవడము లేదా?

రూతు ఆ మధ్యాహ్నము తృప్తిగా తిని కొంత మిగిల్చినది. మిగిలినది అత్తకు తీసుకొని వెళ్లినది. యవల కోత, గోధుమ కోత ముగిసేవరకు అదే చేనిలో నిలిచినది. ఆమె వంశములో దావీదు పుట్టాడు. మత్తయి సువార్త మొదటి అధ్యాయములో ప్రభువైన యేసు వంశావళిలో ఆమె పేరు ఉన్నది. ఆ ప్రభువే మత్తయి 25వ అధ్యాయములో, తీర్పు దినమున తాను ఏమి అడుగునో చెప్పాడు. ఆకలిగొన్నప్పుడు ఆహారము, దాహముగొన్నప్పుడు నీళ్లు, పరదేశిగా వచ్చినప్పుడు చోటు. బోయజు చేనిలో జరిగిన సంగతులే ఇవి. మనమును ఒకప్పుడు పరదేశులమై దూరముగా ఉన్నవారమే. ఆయన తన శరీరమును విరిచి, తన రక్తమును చిందించి మనకు తన బల్లయొద్ద చోటు ఇచ్చాడు.

ఆ కుమారుడు ఇప్పుడు వేరొక చోట పనిచేస్తున్నాడు. క్రిస్మసుకు ఇంటికి వచ్చినప్పుడు నన్ను చూచుటకు వచ్చాడు. పని ఎట్లుంది నాయనా అని అడిగాను. బాగుంది అయ్యగారూ అన్నాడు. ప్రతి దినము రెండు జొన్నరొట్టెలు ఎక్కువ తీసుకొని పోతాడట. ఎందుకని అడిగితే, "కొత్తోళ్లు ఎవరైనా వచ్చింటారేమోనని" అన్నాడు.

ప్రార్థన చేసుకుందాము.

పరలోకమందున్న మా తండ్రీ, క్రొత్త చోట ఒంటరిగా ఉన్న నీ బిడ్డలను జ్ఞాపకము చేసుకొనుము. వారికి నమ్మకమైన స్నేహితులను అనుగ్రహించుము. చెడుకు కాదనుటకు ధైర్యమును, మనుష్యులను ప్రేమించుటకు మనస్సును దయచేయుము. పాతవారమైన మేము ఎవరికి నీళ్లు చూపించలేదో, ఎవరిని భోజనమునకు పిలువలేదో మాకు జ్ఞాపకము చేసి క్షమించుము. రేపు ఉదయము మేము పనికి వెళ్లినప్పుడు వారిని చూచు కన్నులు మాకిమ్మని మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.